రూతు ముందు తాను తిన్నది



రూతు కథ మనందరికీ తెలిసిందే. మోయాబు దేశం వదిలి, అత్త నయోమితో బేత్లెహేముకు వచ్చి, యవల కోతల్లో పరిగె ఏరుకున్న కోడలు. పరాయి దేశంలో పనికొచ్చిన మనకు ఆమె దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. కానీ రెండో అధ్యాయం 14వ వచనం దగ్గర ఎప్పుడైనా ఆగారా? బోయజు పేలాలు అందిస్తే రూతు తృప్తిగా తిని, మిగిలినవి దాచింది. సాయంత్రం తూమెడు యవలతో పాటు ఆ మిగిలినవే అత్తకు ఇచ్చింది.

వరుస చూడండి. ముందు తిన్నది, తర్వాత మోసుకెళ్లింది.

ఇక్కడ కువైట్‌లో మనం ఈ వరుస తిరగేస్తాం. జీతం చేతికి రాగానే మొత్తం ఇంటికి పంపేస్తాం. నాతో శుక్రవారం ఆరాధనకు వచ్చే ఒక అక్క, కూతురి ఫీజు కోసం 2 నెలలు బీపీ మాత్రలు మానేసింది. ఒకరోజు పనిలోనే కళ్లు తిరిగి పడిపోయింది. 15 రోజులు పని లేదు, ఇంటికి డబ్బూ లేదు. "దేవుడే చూసుకుంటాడు అనుకున్నానమ్మా" అంది.

చూసుకుంటాడు, నిజమే. రూతును కూడా చూసుకున్నాడు, బోయజు చేత పిలిపించి పెట్టించాడు. పెట్టింది తినడం కూడా విశ్వాసమే.

ఈ నెల జీతం రాగానే మాత్రలకు, తిండికి ముందు పక్కన పెట్టండి. తర్వాత పంపండి.

ఊళ్లో ఉండి ఇది చదివే అమ్మలకు, అత్తమ్మలకు ఒక్క మాట. "ఎంత పంపావు?" అనే ముందు "తిన్నావా?" అని అడగండి. నయోమి గింజలే చూసుకోలేదు, కోడలి సుఖం కూడా ఆలోచించింది.