అంచు మడతలోని అమానతు

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. నవంబరు వచ్చిందంటే పొగమంచు దిగుతుంది, కాఫీ తోటలలో పండ్ల కోత సాగుతుంది. ఆ రోజులలో వారపు సంతలో కాలితో తొక్కే మిషను ముందు కూర్చున్న దర్జీకి తలయెత్తే తీరిక ఉండదు. కొత్త బట్టలు కుట్టించుకునేవారు తక్కువ. జిప్పు ఊడిన జర్కిన్లు, అంచు విడిపోయిన లంగాలు, పొడవెక్కువైన ప్యాంట్లే గుట్టగా పడతాయి. తెల్లవారకముందే తోటకు బయలుదేరే కూలీకి జిప్పు పడని జర్కిన్ ఉన్నా లేనట్టే.

ఇక్కడి మా చిన్న మదర్సాలో పెద్ద విద్యార్థులకు అస్ర్ నమాజు అనంతరం ఈ పని నేర్పుతున్నాము. ఒక తండ్రి వచ్చి, "మౌలానా సాబ్, పిల్లవాణ్ణి ఆలిమ్‌ను చేయమని అప్పగించాను గానీ దర్జీని చేయమని కాదు గదా!" అన్నారు. దైవప్రవక్త (స) తమ బట్టలు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన సంగతి చెప్పాను. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పట్టు వస్త్రాల వర్తకులు. హిజ్రీ 261లో మరణించిన ఇమామ్ ఖస్సాఫ్ (రహ్మ) చెప్పులు కుట్టి జీవిస్తూనే వక్ఫ్ చట్టాలపై గ్రంథం రచించారు. ఆయన పేరుకు అర్థమే చెప్పులు కుట్టేవాడని!

ఆయన ఊరుకోలేదు. "దీనితో ఇల్లు గడుస్తుందా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దీనితోనే గడవకపోవచ్చు. కానీ చిన్న ఊరి ఇమాముకు వచ్చే జీతం ఎంతో మనకు తెలియనిది కాదు. చేతిలో ఒక పని ఉన్నవాడు జీతం ఇచ్చేవారి ముఖం చూసి ఖుత్బా మార్చుకోనక్కరలేదు. ఈ మాటకు ఆయన బదులు చెప్పలేదు. పిల్లవాణ్ణి మాన్పించనూ లేదు.

జిప్పు పళ్ళు బాగుండి రన్నరు మాత్రమే అరిగితే, రన్నరు మార్చితే చాలు. మొత్తం మార్చవలసివస్తే మొదట చేతితో కచ్చా కుట్టు వేయాలి. పిదప మిషనుకు ఒంటివైపు పాదం బిగించి పళ్ళ పక్కగా కుట్టాలి. రన్నరు అడ్డువచ్చినచోట సూదిని గుడ్డలోనే దించి ఉంచి, పాదం ఎత్తి, రన్నరును దాటించి ముందుకు సాగాలి. తొందరపడితే అక్కడే కుట్టు వంకర పోతుంది.

పిల్లల పైజామాకు అంచు మడిచేటప్పుడు మిగులు గుడ్డను కత్తిరించవద్దంటాను. చీలమండ పైకి కొలత తీసుకుని, రెండంగుళాలైనా లోపలికి మడిచి కుట్టాలి. పిల్లవాడు ఎదిగితే తల్లి ఆ కుట్టు విప్పి దించుకుంటుంది. అంచు నీటుగా కనబడాలని ఆ గుడ్డ కోసిపారేసే దర్జీలంటే నాకు కోపం. అది కొనుక్కున్నవారి సొమ్ము, దర్జీ చేతిలో అమానతు.

ఖుదూరీలో ఇజారా అధ్యాయం చెప్పేటప్పుడు దర్జీ ఉదాహరణ వస్తుంది. నేను ఖబా కుట్టమన్నానని గుడ్డ యజమాని, కాదు ఖమీసే కుట్టమన్నావని దర్జీ వాదించుకుంటే ప్రమాణంతో యజమాని మాటే చెల్లుతుంది. మునుపు విద్యార్థులు దీనిని కంఠస్థం చేసి ఊరుకునేవారు. ఇప్పుడు, "రన్నరు మార్చమంటే జిప్పంతా ఎందుకు మార్చావు?" అని గూడెం నుండి వచ్చిన అమ్మ నిలదీసినప్పుడు వారికే ఆ పాఠం గుర్తుకువస్తున్నది.

మొన్న ఒక విద్యార్థి, తీసివేసిన పాత జిప్పు ఎవరిదని అడిగాడు. బట్ట ఎవరిదో వారిదే అన్నాను. అప్పటినుండి దానిని చుట్టి జర్కిన్ జేబులో పెట్టి ఇస్తున్నారు. కొందరు అక్కడే పారవేసి వెళతారు. కొందరు రన్నరు పనికివస్తుందని దాచుకుంటారు.