చెరువులో వాలుగ వేట

తొలకరి పడిన వారాంతంలో మిత్రులం నలుగురం లైఫ్ జాకెట్లు ధరించి, గాలి నింపిన లారీ ట్యూబులపై క్వార్టర్ల చెంతనున్న చెరువులో వాలుగల కోసం గాలాలు వేశాము. ట్యూబు నడుమ అల్లిన తాడే ఆసనం, చేతులే తెడ్లు. పొలుసులు లేని ఈ చేప పొద్దు వాలిన పిమ్మట మీసాలతో తడుముకుంటూ ఎరకు వస్తుంది. గట్టుపై నుండి మనం చేపను లాగుతాము. ట్యూబుపై చేపయే మనలను లాగుకొనిపోతుంది! అరగంట పెనుగులాడి, మూరెడు దాటిన వాలుగను ఒడ్డుకు చేర్చాము. ట్యూబులిచ్చిన జాలరి పెద్దాయన దాని పొట్ట నిమిరి, "గుడ్ల మీదుందయ్యా. ఇది పోతే వచ్చే ఏడు మా వలకేం పడుద్ది?" అన్నాడు. ఇంట పిల్లలేమో పులుసుకై ఎదురుచూస్తున్నారు. వాలుగ నేడు ముప్పునకు లోనైన జాతులలో చేరినదని మాలో ఒకరు గుర్తుచేశారు. నీటిలో విడిచిపెట్టాము. ఆ రాత్రి మా ఇంట వంకాయ పులుసే.