మూత తీయనివ్వని ల్యాప్‌టాప్

వెయ్యి డాలర్లు పోసి కొనే వస్తువులో రేపు అవసరమైతే కాస్త మెమరీ వేసుకోవడానికి కూడా వీల్లేదంటే నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మాయి ఈ ఆగస్టులో కాలేజీలో చేరుతోంది. దానికి ల్యాప్‌టాప్ కొందామని డాలస్ చుట్టుపక్కల ఏ దుకాణానికి వెళ్లినా అదే మాట. ‘‘ర్యామ్ ఎంత కావాలో ఇప్పుడే చూసుకోండి, తర్వాత పెంచుకోవడం కుదరదు.’’ ఎందుకు కుదరదయ్యా అంటే చిప్పులు మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసేసి ఉంటాయట. స్లాటే ఉండదట. చెప్పే కుర్రాళ్లు మర్యాదస్తులు, ఓపికగా చూపిస్తారు, వాళ్లను అనడానికేమీ లేదు. వాళ్లు ఆ మాట అంత మామూలుగా చెప్పడం, పక్కన నిలబడ్డ తల్లిదండ్రులు అంతే మామూలుగా తల ఊపి కార్డు తీయడం నాకు మింగుడుపడలేదు.

పద్దెనిమిదేళ్ల పిల్ల. నాలుగేళ్లకు ఎంత మెమరీ కావాలో ఇవాళే తేల్చమంటే ఏం తేలుస్తుంది? ఇప్పటికి దాని మనసు బయాలజీ మీద ఉంది. ఏడాది తిరిగేసరికి డేటా సైన్స్ అనొచ్చు, ఆర్కిటెక్చర్ అనొచ్చు. ఈ దేశపు కాలేజీ చదువులో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఈ వెసులుబాటునే. చాలాచోట్ల రెండో ఏడు దాకా మేజర్ ఏమిటో చెప్పనక్కర్లేదు. నాలుగు రకాల క్లాసుల్లో కూర్చుని చూడొచ్చు. చెప్పాక కూడా మార్చుకోవచ్చు. మా రోజుల్లో ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకుకి ఏ బ్రాంచి దొరికితే అదే మన జాతకం. సివిల్‌లో చేరాక కంప్యూటర్ల మీద ఇష్టం పుట్టినవాళ్లు అమీర్‌పేట కోచింగుల మెట్లెక్కాల్సి వచ్చేది. అయితే మా కంప్యూటర్ మాత్రం మాతోపాటు పెరిగేది. ఇక్కడ పిల్లలు దారి మార్చుకోవచ్చు, వాళ్ల చేతిలోని మిషన్ మాత్రం మారడానికి వీల్లేదు. నోట్సు రాసుకోవడానికి కొన్న 8 జీబీ ల్యాప్‌టాప్ మీద పెద్ద పెద్ద డేటా ఫైళ్లు తెరిస్తే అది కదలనంటుంది. అప్పుడిక మొత్తం కొత్తది కొనమంటారు.

మా ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చింది నేను బీటెక్‌లో ఉండగా. నాన్నా నేనూ గుంటూరులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాం, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి. సీటీసీ అంటే తెలియని ఇంజనీరింగ్ స్టూడెంటు ఆ రోజుల్లో లేడు. అంతస్తులకు అంతస్తులు కంప్యూటర్ షాపులు, వరండాల నిండా అట్టపెట్టెలు. షాపాయన తెల్లకాగితం తీసి కొటేషన్ రాశాడు. ప్రాసెసర్ ఇంత, మదర్‌బోర్డు ఇంత, హార్డ్‌డిస్క్ ఇంత, క్యాబినెట్, మానిటర్, కరెంటు కోతల ఊరు కాబట్టి యూపీఎస్. నాన్న బ్యాంకు గుమాస్తా. ప్రతి వరసా చూపుడువేలితో నొక్కి పట్టుకుని ‘‘ఇదెందుకు?’’ అని అడిగారు. షాపాయన విసుక్కోకుండా అన్నిటికీ చెప్పాడు. చివరికి లెక్క తెచ్చిన డబ్బు దాటింది. అప్పుడు షాపాయన ర్యామ్ దగ్గర గీత కొట్టి సగం వేసి, ‘‘ప్రస్తుతానికి ఇది చాలు సార్, చేతిలో డబ్బులు ఆడినప్పుడు ఇంకోటి వేయించుకోండి’’ అన్నాడు.

ఆ ఒక్క మాట మీద మాలాంటి ఇళ్లన్నీ నడిచాయి. ప్రస్తుతానికి ఇది చాలు, మిగతాది తర్వాత. ఇల్లు కట్టేటప్పుడు పైన శ్లాబు నుంచి ఇనప చువ్వలు అలా వదిలేసేది కూడా అందుకే కదా. ఆ తర్వాతి సంక్రాంతికి నాన్న హైదరాబాద్ పని మీద వెళ్లి చొక్కా జేబులో ర్యామ్ తెచ్చారు. పిండివంటల వాసన మధ్య క్యాబినెట్ పక్క మూత విప్పాం. రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కితే అటూ ఇటూ క్లిప్పులు టక్కుమని పడ్డాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లతెర మీద పెరిగిన అంకె కనిపించింది. నేను ఇంజనీరునన్న నమ్మకం నాకు కలిగింది ఆ రోజే. మా అమ్మాయి స్కూల్లో కోడింగ్ నేర్చుకుంది, రోబోలు చేసింది. తన సొంత కంప్యూటర్ లోపల ఏముందో మాత్రం ఇంతవరకూ చూడలేదు.

ఇంజనీర్లు చెప్పేదీ విన్నాను. పల్చటి ల్యాప్‌టాప్‌లలో వాడే ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ తక్కువ కరెంటుతో నడుస్తుంది. అంత తక్కువ వోల్టేజీలో అంత వేగం రావాలంటే చిప్పులు ప్రాసెసర్‌కి దగ్గరగా ఉండాలి. మధ్యలో స్లాటూ, పొడుగు దారీ ఉంటే సిగ్నల్ దెబ్బతింటుంది. బ్యాటరీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా రావడంలో దానికీ వాటా ఉంది. సరే, ఒప్పుకుంటాను. కానీ దానికీ దారి దొరికింది కదా! స్క్రూలు విప్పి మార్చుకునే క్యామ్2 మెమరీకి జెడెక్ అనే ప్రమాణాల సంస్థ 2023 డిసెంబర్‌లో ప్రమాణం ప్రకటించింది. 2024లో అదే తక్కువ కరెంటు మెమరీని అలా విప్పి మార్చుకునేలా పెట్టి లెనోవో తన థింక్‌ప్యాడ్ పీ1ని తెచ్చింది. అంటే కుదరదన్నది కుదిరింది. పోనీ మెమరీకి సిగ్నల్ అడ్డం అనుకుందాం, బ్యాటరీకి జిగురెందుకు? బ్యాటరీ అన్నది ఎంత మంచిదైనా కొన్ని వందల సార్లు ఛార్జ్ అయ్యాక నీరసపడే వస్తువు. అరిగిపోతుందని ముందే తెలిసిన భాగాన్ని అతికించి పెట్టడాన్ని ఏ ఇంజనీరింగూ సమర్థించలేదు.

ఈ నెలలో పిల్లలకు కొనబోయేవాళ్ల కోసం నేను తెలుసుకున్నది చెబుతాను. వివరాల పట్టీలో ఎల్‌పీడీడీఆర్5 అని ఉంటే దాదాపుగా అతికించినదే. డీడీఆర్5 అని, పక్కన ఎస్‌ఓ-డిమ్ అని ఉంటే స్లాటు ఉన్నట్టు. కొన్నిట్లో సగం మెమరీ అతికించి ఇంకో సగానికి స్లాటు ఇస్తారు, అదీ నయమే. ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ ఎం.2 రకమైతే చాలావరకు మార్చుకోవచ్చు. అతికించినదే నచ్చితే మాత్రం 16 జీబీకి తక్కువ వద్దు. ఇంజనీరింగ్ పిల్లలు కాలేజీ వాళ్ల జాబితా చూడకుండా మ్యాక్ కొనకూడదు, సాలిడ్‌వర్క్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడుస్తాయి. బరువు కిలోన్నర దాటనివ్వకండి. టెక్సస్ ఆగస్టు ఎండలో ఆ క్యాంపసుల్లో ఈ చివరినుంచి ఆ చివరికి పుస్తకాలతో నడవాల్సింది వాళ్లే.

ధర సంగతి ఇంకో మంట. దుకాణంలో 16 జీబీ నుంచి 32కి వెళ్లాలంటే ఒక్కోచోట మూడు నాలుగు వందల డాలర్లు అదనం అడుగుతున్నారు. అతికించి అమ్మేటప్పుడు ఇంకెక్కడా కొనుక్కోలేం కదా, వాళ్లు చెప్పిందే రేటు. మా ఆయన వాదన ఏమిటంటే, స్లాటు ఉన్నా ఇప్పుడు ఒరిగేదేం లేదని. 2025 చివరినుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీనంతా ఎగరేసుకుపోవడంతో విడి ర్యామ్ ధరలూ కొండెక్కాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారమే మానేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఆయన చెప్పింది నిజమే. అయినా ఎక్కిన ధర ఏదో ఒకనాటికి దిగుతుంది. దిగేదాకా ఖాళీ స్లాటు కాచుకుని ఉంటుంది.

ఈ గొడవల్లో ఉండగానే గుంటూరు నుంచి మా అక్క కొడుకు ఫోను. వాడూ ఈ ఫాల్‌కే ఎంఎస్‌కి వస్తున్నాడు. ‘‘పిన్నీ, ల్యాప్‌టాప్ ఇక్కడ కొనుక్కుని రానా, అక్కడికొచ్చాక కొనుక్కోనా?’’ అన్నాడు. బీటెక్‌లో వాడినదానికేమైందిరా అన్నాను. ఏమీ కాలేదట. 2022లో కొన్నది, విండోస్ 11 నడుస్తోంది. కిందటేడు బ్రాడీపేటలో ఒకాయన దగ్గర మూత తీయించి 8 జీబీని 16 చేయించాడట, ఎస్‌ఎస్‌డీ కూడా మార్పించాడట. ‘‘మరి అదే పట్టుకురా! అడాప్టర్ మీద 100-240 వోల్టులని రాసి ఉంటుంది చూడు, ఇక్కడ ప్లగ్గు ఒక్కటి మారిస్తే చాలు. కీబోర్డు లేఅవుటు రెండుచోట్లా ఒకటే’’ అన్నాను. అక్క ఫోన్ లాక్కుంది. ‘‘అమెరికా వెళ్తూ పాతది పట్టుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారే?’’ అంది. కొత్తదే కొనాలనుకుంటే ఇక్కడికొచ్చి, డిపార్ట్‌మెంటు వాళ్లు ఏం కావాలంటారో విన్నాక కొనుక్కోమన్నాను. అక్కడ కొంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కంపెనీని బట్టి ఉంటుంది. స్టూడెంట్ డిస్కౌంటు ఇక్కడా వస్తుంది. అయినా అక్కా, నీ కొడుకు దగ్గరున్నట్టు మూత తీసి బాగుచేసుకునే ల్యాప్‌టాప్ కోసం నేనిక్కడ ఊరంతా తిరుగుతున్నాను, దాన్ని పాతదనకు!

ఈ దేశం మీద నాకు కోపం లేదు. కొన్న వస్తువు నచ్చకపోతే రెండు వారాల్లోపు తిరిగి తీసుకునే దుకాణాలను చూసి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. ‘ఒకసారి అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు’ అన్న బోర్డుల కింద పెరిగినవాళ్లం మనం. చాలా యూనివర్సిటీల లైబ్రరీల్లో పుస్తకం ఇచ్చినట్టే ల్యాప్‌టాప్ కూడా అరువిస్తారు. చేతిలో డబ్బు లేని పిల్లవాడి చదువు ఆగకూడదని ఎవరో ఆలోచించి పెట్టిన ఏర్పాటది. అంత ఆలోచించగలిగిన చోట బాగుచేసే మనిషి మాత్రం ఎక్కడా కనపడడు. మా పక్కింటి తమిళులబ్బాయి కీబోర్డు మీద కాఫీ ఒలికితే, సర్వీసు సెంటర్‌లో మదర్‌బోర్డు మొత్తం మార్చాలన్నారు. దానికి చెప్పిన రేటుకి ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుంది. అదే సీటీసీలో అయితే మైక్రోస్కోపు కింద బోర్డు పెట్టి కాలిన భాగం ఎక్కడుందో వెతికేవాడు దొరుకుతాడు. ఆఫీసులో ఈ మాటంటే ఒకావిడ, మీ దేశంలో కొత్తవి కొనలేక అలా వాడతారేమో అంది. నాకు చాలా బాధేసింది. కొనలేకపోవడం ఒకప్పుడు నిజమే కావచ్చు. కానీ వస్తువు లోపలికి చూసే ధైర్యం, చెడినది ఏ ముక్కో పట్టుకునే ఓపిక పేదరికం కాదు, అది విద్య. మా అమ్మ పెళ్లినాటి ప్రెషర్ కుక్కర్‌కి గాస్కెట్ మారింది, వెయిట్ మారింది, పిడి మారింది. దానిలో పప్పు ఉడకని రోజు లేదు. ఆ గాస్కెట్లు ఇర్వింగ్‌లోని మన సరుకుల కొట్లో ఇవాళ్టికీ దొరుకుతాయి. కొన్నేళ్ల నాటి ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ కావాలంటే మాత్రం అంత తేలిగ్గా దొరకదు.

ఈ కోపం నా ఒక్కదానిదే కాదు, చట్టాలు చేసేవాళ్లకూ వచ్చింది. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే అది ఎంతవరకు బాగుచేసుకోవచ్చో పదికి మార్కులు వేసి చూపించాలి. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి వస్తువుల బ్యాటరీ మామూలు పనిముట్లతో వాడేవాళ్లే తీసుకునేలా ఉండాలి. మా టెక్సస్ కూడా 2025లో రిపేరు హక్కు చట్టం చేసింది, 2026 సెప్టెంబర్ 1 నుంచి అమలు. విడిభాగాలూ, పనిముట్లూ, ఎలా విప్పాలో చెప్పే పుస్తకాలూ కంపెనీలు అందుబాటులో పెట్టాలి. సంతోషమే. కానీ అతికించినదాన్ని విప్పమని ఆ చట్టం చెప్పదు, స్లాటు లేనిచోట స్లాటు పుట్టించదు. ఫ్రేమ్‌వర్క్ అని, దాదాపు ప్రతి భాగమూ విప్పి మార్చుకునే ల్యాప్‌టాప్‌లను 2021 నుంచి అమ్ముతున్న చిన్న కంపెనీ ఒకటుంది. పెద్ద కంపెనీలు తలుచుకుంటే ఎంత పని!

చివరికి అమ్మాయే తేల్చింది. దానికి కావలసినవి బరువు తక్కువ, వేళ్లకు హాయిగా ఉండే కీబోర్డు. నాకు కావలసింది స్లాటు. పద్నాలుగు అంగుళాలది, ఆఫీసులవాళ్లకు అమ్మే రకంలో దొరికింది. 16 జీబీ ఒకే స్లాటులో వేసి రెండోది ఖాళీగా వదిలారు. స్నేహితురాళ్లవాటికన్నా కాస్త మందంగా ఉందనీ, స్క్రీను అంత తళతళలాడట్లేదనీ గొణిగింది. ఇక్కడ ఆగస్టులో ఒక వారాంతం బట్టలకూ స్కూలు సంచులకూ సేల్స్ ట్యాక్స్ తీసేస్తారు గానీ కంప్యూటర్లకు కాదు, కాబట్టి ఆగకుండా 8.25 శాతం కట్టి తెచ్చేశాం. తిరిగిచ్చే గడువు ఉండగానే లోపల చూద్దామని మూత విప్పాం. బ్యాటరీ స్క్రూలతో బిగించి ఉంది, జిగురు లేదు. ఖాళీ స్లాటులో ర్యామ్ ఏ కోణంలో పెట్టాలో, ఎక్కడ నొక్కాలో చూపించాను. ఇక ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో మేజర్ తేలాక అమ్మాయే చూసుకుంటుంది.