తొమ్మిదో తీర్మానం

సెనెకా ఫాల్స్‌లో ఇప్పుడు జలపాతం లేదు. గత శతాబ్దం మొదట్లో పడవల కాలువ కోసం నది మట్టం పెంచినప్పుడు మునిగిపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఈ చిన్న ఊరికి వ్యాన్ల నిండా ఆడపిల్లలు వచ్చేది ఫాల్ స్ట్రీట్ మీదున్న ఒక ఇటుకల చర్చి కోసం. మనవరాలి గర్ల్ స్కౌట్ ట్రూప్‌కి తోడుగా పెద్దవాళ్లు కావాలంటే నేనూ బయల్దేరాను.

వీళ్లు జూనియర్లు, అంటే నాలుగు, అయిదు తరగతుల పిల్లలు. పచ్చటి వెస్టులు, వాటి మీద బ్యాడ్జులు. కుట్టే ఓపిక లేని తల్లులు ఇస్త్రీపెట్టెతో అంటించేస్తారు, మా అమ్మాయి కూడా అంతే. ఈసారి ప్రజాస్వామ్యం బ్యాడ్జు. ప్రభుత్వ శాఖలు ఎన్ని, సెనేటర్లు ఎంతమంది అంటూ ఖాళీలు పూరించే కాగితం ఒకటి ఇచ్చారు. వ్యాను హైవే ఎక్కేలోపే పూర్తిచేసి పిల్లలు పాటలందుకున్నారు. ఆ కాగితం ఇవ్వకపోయినా నష్టం లేదనిపించింది.

జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ 1912లో సవానాలో 18 మంది పిల్లలతో గర్ల్ స్కౌట్స్ సంస్థను మొదలుపెట్టేనాటికి ఆవిడకే ఓటు లేదు. దేశమంతటా ఆడవాళ్లకు ఓటు హక్కు 1920లో వచ్చింది. ఆడవాళ్ల హక్కుల కోసం మొదటి సభ జరిగింది మేం వెళ్లిన ఆ ఇటుకల చర్చిలోనే, అంటే వెస్లియన్ చాపెల్‌లో, 1848 జూలై 19, 20 తేదీల్లో. తర్వాత ఇదే కట్టడం నాటకశాల అయింది, కార్ల షోరూం అయింది, చివరికి బట్టలుతికే దుకాణమూ అయింది. పాత గోడల్లో మిగిలింది కొంతే, తక్కినదంతా కొత్తగా కట్టినది. ఆ పాత ఇటుకలు అంచులు అరిగి, రంగు మాసి, కొత్తవాటి మధ్య ఇట్టే తెలిసిపోతాయి. పిల్లలు వేళ్లతో తడిమి చూస్తుంటే టోపీ పెట్టుకున్న పార్కు రేంజరు వారించలేదు.

లోపల బెంచీల మీద కూర్చోబెట్టి ట్రూప్ లీడరు కథ చెప్పింది. మొదటి రోజు పొద్దున వచ్చేసరికి చర్చికి తాళం. ఒక కుర్రాణ్ణి కిటికీలోంచి ఎక్కించి తలుపు తీయించారు. ఆ రోజు ఆడవాళ్లకే అని ప్రకటించినా మగవాళ్లూ వచ్చారు. సరే, నోరు మెదపకుండా కూర్చోండన్నారు. ఇక్కడ పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో రోజు అధ్యక్ష స్థానంలో మాత్రం జేమ్స్ మాట్ అనే ఆయన్ని కూర్చోబెట్టారు. మగవాళ్లున్న సభకు ఆడమనిషి అధ్యక్షత వహించడం ఆడవాళ్లకే ఎబ్బెట్టుగా తోచిన కాలం అది. చప్పట్లు ఆగిపోయాయి.

తర్వాత ఆట. ఒక్కొక్కరికీ ఒక తీర్మానం చీటీ. అసలు సభలో ఏకగ్రీవం కానిది ఒక్కటే, తొమ్మిదోది, ఓటు హక్కు కోరింది. అది అడిగితే నవ్వులపాలవుతామని, సభ పెట్టినవాళ్లలో ఒకరైన లుక్రీషియా మాట్ అంతటావిడే వెనకాడింది. సభ పెట్టినవాళ్లలో ఇంకొకరు, ఎలిజబెత్ కేడీ స్టాంటన్, పట్టుబట్టింది. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ లేచి సమర్థించాక గానీ నెగ్గలేదు. ఆ సంగతి ముందు చెప్పకుండా, సగం మందిని ఆ తొమ్మిదోదానికి వ్యతిరేకంగా వాదించమంది లీడరు. ఇదే నాకు బాగా నచ్చిన పని. మహనీయుల కథలైతే పిల్లలు తలూపి మర్చిపోతారు. ఎదుటి పక్షం మాట తమ నోటితో చెప్పాల్సి వచ్చేసరికి చెమటలు పట్టాయి. మా మనవరాలు వ్యతిరేక పక్షం. "ముందు ఆస్తి, జీతం అడుగుదాం, ఓటు తర్వాత చూద్దాం" అంది. ఆ రోజుల్లో నిజంగానే అలా అన్నవాళ్లున్నారు. చేతులెత్తిస్తే తీర్మానం ఓడిపోయింది! లీడరు ముఖం చూడాలి.

సంతకాల దగ్గర ఇంకో పేచీ. అసలు సభ వెలువరించిన ప్రకటన మీద 68 మంది ఆడవాళ్లు, 32 మంది మగవాళ్లు సంతకం చేశారు. పత్రికలు ఎగతాళి చేయగానే కొందరు పేర్లు వెనక్కి తీసుకున్నారు. వాళ్లు పిరికివాళ్లా అని ఒక పిల్ల అడిగింది. ఇంట్లో అన్నం పెట్టేవాడు కోప్పడితే నువ్వేం చేస్తావని రేంజరు ఎదురడిగాడు. ఇంకో పిల్ల, ఈ నేల ఎవరిదని అడిగింది. కయూగాలది. వాళ్లున్న ఇరోక్వాయ్ సమాఖ్యలో నాయకులను ఎంచేదీ, దించేదీ వంశాల పెద్ద ఆడవాళ్లే. ఆ సభకు నల్లజాతి స్త్రీలు వచ్చినట్టు దాఖలా లేదన్న సంగతి కూడా రేంజరు దాచలేదు. బ్యాడ్జు కాగితంలో వీటికి ఖాళీలు లేవు.

బయట రాతి గోడ మీద ఆ ప్రకటన చెక్కి ఉంది, పైనుంచి నీళ్లు జారుతుంటాయి. దాని పక్కన శాండ్‌విచ్‌లు తింటూ మనవరాలు అడిగింది.

"అమ్మమ్మా, నువ్వెప్పుడు వేశావు ఓటు?"

"1977లో. అప్పట్లో ఇరవయ్యొకటి నిండాలి. మా వైపు, మద్రాసు ప్రెసిడెన్సీలో, ఆస్తి ఉన్న ఆడవాళ్లకు 1921లోనే ఇచ్చారు. అందరికీ వచ్చింది మాత్రం స్వాతంత్ర్యం వచ్చాకే."

"ఎవరికి వేశావు?"

"చెప్పకూడదు."

తిరుగు ప్రయాణమంతా వ్యానులో ఒకటే గొడవ. ఓడిన పక్షం మళ్లీ లెక్కపెట్టమంటుంది, గెలిచిన పక్షం ఒప్పుకోదు. చేతులెత్తిస్తే సిగ్గుపడి పక్కవాళ్లను చూసి ఎత్తారనీ, చీటీల మీద రాయించాల్సిందనీ వెనక సీటు పిల్ల వాదన. వచ్చే మీటింగుకి అట్టపెట్టె, చీటీలు తెస్తానని లీడరు ఒప్పుకునేదాకా వదల్లేదు.