అక్షరాల్లో రాసిన సంవత్సరం

కాకినాడలో ఎక్కిన బస్సు తాళ్లరేవు దాటి, కొబ్బరి తోటల మధ్యగా పోతూ పోతూ ఒకచోట రాష్ట్రం దాటేస్తుంది. ఆ సంగతి ముందు చెప్పేది బండ్ల నంబర్లు. ఏపీ పోయి పీవై 04 వస్తుంది. పెట్రోలు బంకు దగ్గర బండ్ల వరుస పొడుగవుతుంది, మందు దుకాణాల బోర్డులు పెద్దవవుతాయి. కూడలిలో నిలబడ్డ కానిస్టేబుల్ నెత్తిన ఎర్రటి టోపీ, గుండ్రటి డబ్బాలా నిటారుగా, ముందు చిన్న నల్ల చూరుతో. ఫ్రెంచివాళ్లు దాన్ని కెపీ అంటారు. వాళ్లు వెళ్లి డెబ్బై ఏళ్లయినా టోపీ మాత్రం దిగలేదు.

యానాం మొత్తం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనం 55,626. మూడు పక్కల ఆంధ్రప్రదేశ్, నాలుగో పక్క గౌతమి గోదావరి. వీధుల్లో వినిపించేదంతా అచ్చమైన గోదావరి తెలుగే. కానీ ఈ ఊరికి జీవో రావాలంటే సుమారు 870 కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరి నుంచి రావాలి. అక్కడి శాసనసభకు ఇక్కడి నుంచి ఒక్క ఎమ్మెల్యే వెళ్తాడు. 2021లో పుదుచ్చేరి ముఖ్యమంత్రి అభ్యర్థి రంగస్వామి స్వయంగా ఇక్కడ పోటీ చేస్తే, గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థిని గెలిపించి పంపింది ఈ ఊరు.

జోగులాంబ గద్వాల జిల్లా వడ్డేపల్లి నుంచి నేను ఇంత దూరం వచ్చింది ఒక కాగితం చూడటానికి. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా, ఓటరు కార్డులో మరో తీరుగా ఉంది. వాటిని ఒక దారికి తేవడానికి ఒక కార్యాలయం చుట్టూ ఏడాది తిరిగాను. ఏది అసలు, ఏది తప్పు అని తేల్చడానికి మొదటి కాగితమంటూ ఉండాలి గదా. మా ఇంట్లో పుట్టుకలను ఎవరూ రాయించలేదు. పెద్ద వాన పడ్డ ఏడు, జొన్న కోతల కాలం అనే గుర్తులే మాకు తేదీలు. ఆ తిరుగుళ్ల నడుమనే ఫ్రాన్సు గురించి ఇంగ్లీషులో చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఆ దేశంలో మనిషి పుట్టినప్పుడు రాసిన పత్రం అక్కడితో ఆగదట. ఆ మనిషి పెళ్లి చేసుకుంటే ఆ సంగతి పత్రం అంచున ఎక్కుతుంది, విడిపోతే అదీ ఎక్కుతుంది, చివరికి మరణం కూడా అదే అంచున చేరుతుంది. అందుకే అక్కడ పెళ్లికి దరఖాస్తు పెట్టేవాళ్లు సాధారణంగా మూడు నెలల లోపు తీసిన జనన పత్రం నకలు తేవాలి. పాత నకలైతే, అంచున కొత్తగా ఏం చేరిందో తెలియదు.

తెలుగు నేల మీద ఆ పద్ధతి నడిచిన ఊరు యానాం.

స్నేహితుడొకరు తీసుకెళ్లిన ఇంట్లో ఎనభై దాటిన పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నారు. "ఆయ్, రండి బాబూ, ఇలా కూర్చోండి. మీదేవూరండీ? గద్వాలా? చీరలు నేసే ఊరు కాదండీ?" అంటూ లోపలికి వెళ్లి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక కాగితం తెచ్చారు. ఆయన జనన పత్రం నకలు. మడతల దగ్గర చిరిగితే వెనక పలచటి కాగితం అతికించారు. పైన ఊరి పేరు యానాఓఁ అని ఫ్రెంచి వరసలో ఉంది. సిరా గోధుమ రంగుకు తిరిగింది. తండ్రి పేరు, తండ్రి చేసే పని, తల్లి పేరు, బిడ్డ పుట్టిన గంట, రాసిన అధికారి సంతకం. మొత్తం కాగితం మీద సంవత్సరం అంకెల్లో ఎక్కడా లేదు. 1941ని అక్షరాల్లోనే రాశారు. నేను తడబడుతుంటే తాతగారే చదివి వినిపించారు: "మిల్ నఫ్ సాఁ కరాఁత్ ఎ అఁ." చిన్నప్పుడు ఇక్కడి ఫ్రెంచి బడిలో పడ్డ పలుకుబడి ఇంకా పోలేదు. "అంకెలైతే ఎవడైనా దిద్దేస్తాడండీ. ఒకటిని ఏడు చేయడం ఎంతసేపు? అక్షరాలైతే దిద్దడం కుదరదు. మా మేష్టారు చెప్పేవారు."

1941లో ప్యారిస్ జర్మన్ సైన్యం చేతిలో ఉంది. అంతకు ముందు ఏడాదే పాండిచ్చేరి గవర్నరు బోన్వాఁ డి గాల్ పక్షం చేరాడు. ఫ్రాన్సు రెండుగా చీలి ఉన్న ఆ రోజుల్లోనూ గోదావరి ఒడ్డున ఒక గుమాస్తా, పుట్టిన ప్రతి బిడ్డకూ సంవత్సరాన్ని అక్షరాల్లో రాస్తూ కూర్చున్నాడు. ఫ్రెంచి ప్రభుత్వ వ్యవస్థ అంటే ఏమిటో ఆ కాగితం చూశాకే నాకు అర్థమైంది. మనకు ప్రభుత్వం అనగానే భూమి శిస్తు, పహాణీ, తహసీల్దారు గుర్తొస్తారు. ఫ్రెంచివాళ్లు మనిషితో మొదలుపెట్టారు.

ఇంగ్లీషు ద్వారా ఫ్రాన్సును చదివేవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. మాటలు తెలిసినవే అనిపిస్తాయి. మేయర్ అనగానే మనకు హైదరాబాద్ మేయరు కళ్లముందు మెదులుతాడు. ఫ్రాన్సులో దాదాపు 35 వేల కమ్యూన్లున్నాయి, చాలావాటి జనాభా మా వడ్డేపల్లి చుట్టుపక్కల పల్లెలంత కూడా ఉండదు. ప్రతి కమ్యూన్‌కూ ఒక మేయరు, ఆయనకొక కచేరీ. దాన్ని మేరీ అంటారు. పుట్టుక, చావు రాయించేది అక్కడే, పెళ్లి జరగాల్సిందీ అక్కడే. అక్కడ పెళ్లి కాకుండా చర్చిలో పెళ్లి జరిపించడం అలవాటు చేసుకున్న పాదిరీని శిక్షించే చట్టం ఇప్పటికీ ఉంది. కమ్యూన్ అన్న మాట విన్న తెలంగాణవాడికి ఎర్రజెండా గుర్తు రావచ్చు, అక్కడ మాత్రం అది మామూలు ఊరు. ప్రిఫెక్ట్ అంటే మన ఇంగ్లీషు బడుల్లో క్లాసు లీడరు. అక్కడ ప్రెఫే అంటే ప్యారిస్ నియమించే జిల్లా అధికారి, నెపోలియన్ 1800లో పెట్టిన పదవి, మన కలెక్టరుకు దగ్గరి చుట్టం. డిప్యూటీ అంటే మనకు డిప్యూటీ తహసీల్దారు. ఫ్రెంచిలో దెప్యుతే అంటే పార్లమెంటు సభ్యుడు.

ఈ దెప్యుతే కథ యానాంకు చాలా దగ్గరిది. బ్రిటిష్ ఇండియాలో ఎంత పెద్ద జమీందారుకైనా లండన్ పార్లమెంటుకు ఓటు వేసే హక్కు లేదు. ఫ్రెంచి వలసలైన పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, చందర్‌నగర్ కలిసి మాత్రం ప్యారిస్‌కు ఒక దెప్యుతేను పంపేవి. చెప్పుకోవడానికి గొప్పగా ఉన్నా లోపల మచ్చలు ఎక్కువే. స్థానిక సభల ఎన్నికల్లో ఓటర్లను తెల్లవాళ్లకొక జాబితా, స్థానికులకొక జాబితా అని విడదీశారు, 1884 నుంచి కొంతకాలం మూడు జాబితాలు నడిచాయి. పెట్టెల్లో దొంగ ఓట్లు పడటం అక్కడ కొత్త సంగతి కాదు. 1951లో ప్యారిస్‌కు ఎన్నికైన ఎడ్వార్డ్ గుబేర్, 1963లో పుదుచ్చేరి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. ఒకే మనిషి రెండు గణతంత్రాల్లో జనం ప్రతినిధి.

1881 సెప్టెంబరు 21న వచ్చిన డిక్రీ ఇంకో తలుపు తెరిచింది. ఎవరైనా తమ కులాచార చట్టాన్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి, కొత్త ఇంటిపేరు తీసుకుంటే వాళ్లకు ఫ్రెంచి పౌర స్మృతి వర్తిస్తుంది. అలా చేసినవాళ్లను రెనాన్సాఁ అన్నారు. ఆ దారిలో ముందు నడిచినవాడు పాండిచ్చేరి వకీలు పొన్నుతంబి. 1873లో బూట్లు తొడుక్కుని కోర్టుకు వచ్చినందుకు అక్కడి జడ్జి ఆయనకు జరిమానా వేస్తే, ప్యారిస్ దాకా వాదించి గెలిచాడు. తర్వాత లాపోర్త్ అని ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఆ రెనాన్సాఁ కుటుంబాలకు పుదుచ్చేరిలో ఇవాళ్టికీ వారసత్వం దగ్గర ఫ్రెంచి స్మృతే నడుస్తుంది.

మరి పత్రికల సంగతి? కవి భారతియార్ కథ తమిళులకు బాగా తెలుసు. 1908లో మద్రాసులో అరెస్టు తప్పించుకుని పాండిచ్చేరి చేరి, 'ఇండియా' పత్రికను అక్కడి నుంచి నడిపాడు. ఫ్రెంచివాళ్లకు ఆయన మీద ప్రత్యేక ప్రేమేమీ లేదు. 1881 జూలై 29 నాటి పత్రికా చట్టం ప్రకారం పత్రిక పెట్టడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, ధరావతు అక్కర్లేదు. పత్రిక పేరు, బాధ్యుడి పేరు, అచ్చుయంత్రం వివరాలు రాసిస్తే చాలు. మామూలుగా ఫ్రాన్సులో చేసిన చట్టం వలసలకు దానంతటది వర్తించదు, విడిగా చెప్పాలి. ఈ చట్టంలో ఆ మాట 69వ సెక్షన్‌లోనే ఉంది. బ్రిటిష్ వాళ్లు 1910లో ప్రెస్ యాక్ట్ తెచ్చి ధరావతు అడగడం మొదలుపెట్టారు. భారతియార్ పత్రికను మాత్రం తమ సరిహద్దులోకి రానివ్వక ఊపిరి తీశారు. ప్యారిస్ గోడల మీద "ప్రకటనలు అంటించరాదు, 1881 జూలై 29 చట్టం" అని ఇప్పటికీ కనిపించేది ఈ చట్టం పేరే.

సరిహద్దును జనం తమ అవసరానికి వాడుకున్న తీరు అన్నిసార్లూ మెచ్చుకోదగింది కాదు. 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. పద్నాలుగు నిండని పిల్లకు పెళ్లి చేస్తే నేరం. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పిల్లల్ని తీసుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయారు. ఊరికి కల్యాణపురం అని పేరు పడింది. ఆ పేరు వినడానికి ఎంత మంగళంగా ఉందో, వెనక ఉన్న పసిపిల్లల్ని తలచుకుంటే అంత బాధగా ఉంది.

"నాకు పదమూడేళ్లండీ అప్పుడు," అన్నారు తాతగారు, 1954 సంగతి రాగానే. "ఆదివారం. వీధంతా జనం." జూన్ 13. ఫరంపేటలో పుట్టి ఫ్రెంచి పోలీసు కొలువు చేసిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో వచ్చినవాళ్లు కచేరీని ఆక్రమించి భారత జెండా ఎగరేశారు. దిగిన జెండాకూ మూడు రంగులే, ఎక్కిన జెండాకూ మూడు రంగులే. అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేస్తే 170 మంది విలీనానికి ఒప్పుకున్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించి, పత్రాలు మార్చుకునే సరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. ఈ ఎనిమిదేళ్ల మధ్య కాలానికి పుదుచ్చేరి మాటల్లో రెండు పేర్లున్నాయి: దె ఫాక్టో, దె జురె. పెత్తనం ఎప్పుడు పోయింది అన్నది ఒకటి, కాగితం మీద ఎప్పుడు పోయింది అన్నది ఇంకొకటి. ఫ్రెంచివాళ్ల దగ్గర రెండోది తేలేదాకా మొదటిది పూర్తయినట్టు కాదు.

ఆ ఒప్పందంలోనే, ఇక్కడ పుట్టిన ఫ్రెంచి పౌరులు కోరుకుంటే ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చని ఆరు నెలల గడువిచ్చారు. ఉంచుకున్న కుటుంబాలవాళ్లు ఇప్పటికీ పుదుచ్చేరిలో ఫ్రెంచి అధ్యక్ష ఎన్నికలకు ఓటు వేస్తారు. వాళ్లకు కావాల్సిన మొదటి రుజువు ఇలాంటి జనన పత్రమే. 1776 నాటి రాజశాసనం ప్రకారం వలసల రిజిస్టర్లకు ఒక ప్రతి అదనంగా రాసి ఫ్రాన్సుకు పంపాలి. అందుకే సముద్రం అవతల కూడా ఈ ఊళ్ల పేర్లు భద్రంగా ఉన్నాయి. ఫ్రాన్సు బయట పుట్టిన తమ పౌరుల పత్రాలు చూసే కార్యాలయం నాంత్ నగరంలో ఉంది. పుదుచ్చేరిలో పుట్టిన ఫ్రెంచి పౌరుడికి తన పుట్టుక కాగితం అక్కడి నుంచి వస్తుంది.

అన్నీ నిలవలేదు. ఫ్రెంచివాళ్లు 1880లోనే మున్సిపల్ కౌన్సిళ్లు పెట్టిన ఈ కేంద్రపాలిత ప్రాంతంలో 1968 తర్వాత మున్సిపల్ ఎన్నికలు మళ్లీ జరిగింది 2006లో. ముప్పై ఎనిమిదేళ్లు ఊరి పెద్దను ఊరు ఎన్నుకోలేదు. 2018లో మున్సిపాలిటీ అయిన ఊరి నుంచి వచ్చినవాడిగా ఈ సంగతి నాకు మిగతావాటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

మా వైపు ఫ్రెంచివాళ్ల జాడ లేకపోలేదు. 1751లో నిజాం ముజఫర్ జంగ్ హత్య తర్వాత సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించి హైదరాబాద్ వైపు నడిచిన ఫ్రెంచి సేనాని బుస్సీ సేన దారిలో పట్టుకున్నది తుంగభద్ర అవతలి కర్నూలు కోటనే. కానీ మా దగ్గర మిగిలింది యుద్ధం కథ. యానాంలో మిగిలింది కాగితం.

లేచే ముందు ఆ పత్రాన్ని మళ్లీ అడిగి చూశాను. ఎడమ పక్క అంచు వెడల్పుగా, ఖాళీగా ఉంది. పెళ్లి సంగతి ఎక్కలేదేమండీ అని అడిగితే తాతగారు నవ్వారు. "మా పెళ్లి పందిట్లో అయిందండీ, అప్పటికి వాళ్లు వెళ్లిపోయారు కూడాను." లోపలి నుంచి బామ్మగారు, "కావాలంటే ఇప్పుడు రాయమనండి, పెన్ను ఇస్తాను," అన్నారు. తాతగారు కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, సంచిలో పెట్టి, రబ్బరు బ్యాండు వేశారు. ఎదుర్లంక వంతెన వైపు నుంచి కాకినాడ బస్సు హారన్ వినిపించింది.