ఉల్లిపొరలో కణం పొడుగెంత?

మైక్రోస్కోపులో కన్ను పెట్టగానే మొట్టమొదట ఏం కనిపిస్తుందో చెప్పండి చూద్దాం. కణమా? కేంద్రకమా? అబ్బే! మీ కనురెప్పల వెంట్రుకలు. ఆ తర్వాత గుండ్రంగా, చుట్టూ దట్టమైన నల్లగీతతో ఒకటి దర్శనమిస్తుంది. దాన్ని చూసి సంబరపడిపోయి, రికార్డులో బొమ్మ గీసేసి, పేర్లు కూడా పెట్టేసేవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. అది గాలిబుడగమ్మా! కవర్ స్లిప్‌ని దబ్బున పడేస్తే బుడగలు కాక ఇంకేం వస్తాయి? ఒక అంచు నీటిబొట్టుకి ఆనించి, రెండో అంచు సూది మీద నిలిపి, మెల్లగా, మెల్లగా దించాలి. నీళ్ళు తమంతట తామే పాకుతూ గాలిని బయటికి నెట్టేస్తాయి. చూడ్డానికే ఎంత ముచ్చటగా ఉంటుందో!

రెండో కన్ను మూయకండి. అలా మూస్తే పావుగంటలో తలనొప్పి ఖాయం. రెండూ తెరిచే ఉంచండి. నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది.

చోడవరంలో మీ ఇంట ఎవరైనా ఈ ఏడు ఇంటర్ బైపీసీలో చేరారా? అయితే వాళ్ళకో సరదా చెప్పండి. పేపర్లోంచి చిన్న ‘గ’ అక్షరం కత్తిరించి స్లైడు మీద పెట్టమనండి. తలకట్టు కాస్తా అడుక్కి పోతుంది! స్లైడుని ఎడమకి జరిపితే బొమ్మ కుడికి పారిపోతుంది. మొదటిరోజు చెయ్యీ కన్నూ పోట్లాడుకుంటాయి. ఆ పోట్లాట భలే ఉంటుంది లెండి.

సరే, కణం కనిపించింది. ఎంత ఉంది? అదిగో, అక్కడే అందరూ నోరు మూసేస్తారు! ‘నాలుగొందల రెట్లు పెద్దది చేసి చూశాం’ అంటారు గానీ, చూసినది ఎంతుందో చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే. పెద్ద ఖర్చేం లేదు కదా! జామెట్రీ బాక్సులో ఉండే ప్లాస్టిక్ స్కేలు చాలు. దాన్ని నాలుగు రెట్ల లెన్సు కింద పెట్టి, ఆ గుండ్రటి వెలుగులో అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో చూడండి. కాలేజీ మైక్రోస్కోపులో ఇంచుమించు 4.5 ఉంటుంది, కన్ను పెట్టే ఐపీసుని బట్టి కాస్త అటూ ఇటూ. పది రెట్ల లెన్సుకి మారిస్తే అదే వెలుగు 1.8 మిల్లీమీటర్లకి కుదించుకుపోతుంది. ఇప్పుడు ఉల్లిపొర పెట్టండి. ఈ చివరి నుంచి ఆ చివరికి పొడుగునా ఆరు కణాలు పట్టాయనుకోండి. ఒక్కోటి 0.3 మిల్లీమీటరు, అంటే 300 మైక్రాన్లు. చూశారా, పొరలో దాక్కున్నదాని కొలత మీ చేతికొచ్చేసింది!

ఇంతకంటే నిక్కచ్చిగా కావాలంటే ఐపీసులో గీతల బిళ్ళ వేస్తారు. స్టేజీ మీద ఒక మిల్లీమీటరుని వంద భాగాలు చేసిన స్లైడు పెట్టి, దాన్నిబట్టి బిళ్ళ గీతల విలువ కడతారు. లెన్సు మార్చినప్పుడల్లా మళ్ళీ కట్టాల్సిందే. విసుక్కోకండి మరి!

కొలిస్తే ఏమొస్తుందంటారా? సికింద్రాబాదు బేగంపేటలో దోమల్ని కోసి మలేరియా జాడ వెతికిన రొనాల్డ్ రాస్‌ని అడగాలి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించుకోమని దోమకో అణా ఇచ్చాడాయన. ఆగస్టు ఎండ. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఐపీసు పగిలింది. పంకా వేయిద్దామా అంటే కోసిన దోమలు ఎగిరిపోతాయి! 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్టగోడలో సుమారు 12 మైక్రాన్ల గుండ్రటి కణం కనిపించింది. దోమ పొట్టలో మామూలుగా ఉండే కణాలకి అది మరీ చిన్నది. అందుకే ఆయన చూపు దాని మీద ఆగింది. మర్నాడు ఇంకో దోమలో అవే కణాలు మరికాస్త పెద్దవయ్యాయి. అంటే పెరుగుతున్నాయన్నమాట! మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందని అలా బయటపడింది. 1902లో నోబెల్ వచ్చింది. మాడుగుల దాటి పాడేరు ఘాటెక్కితే మన్యం జ్వరం మాట వినని పల్లె లేని ఈ వైపు మనకి ఆ 12 మైక్రాన్ల సంగతి తెలియకపోతే ఎలాగండీ?

అన్నట్టు, అసలైన వినోదం మన వంటింటి పంచదారలోనే ఉంది. కుండీల్లో పెంచే రియో మొక్క తెలుసుగా, ఆకు అడుగున ఊదారంగు? ఆ ఊదా పొరని సన్నగా ఒలిచి నీళ్ళలో పెట్టండి. కణాలన్నీ నిండా రంగుతో ఉంటాయి. ఇప్పుడు కవర్ స్లిప్‌కి ఒక పక్క చిక్కటి పంచదార నీళ్ళు ఒక చుక్క వేసి, రెండో పక్క బ్లాటింగ్ కాగితం ఆనించి లాగండి. రంగు గోడల్ని వదిలేసి మధ్యకి ముడుచుకుపోతుంది! మంచినీళ్ళు లాగిస్తే మళ్ళీ నిండుతుంది. గోవాడ ఫ్యాక్టరీ పంచదారా, అనకాపల్లి బెల్లమూ చూస్తూ పెరిగిన ఊరివాళ్ళం మనం. పాకం చిక్కనైతే చాలా సూక్ష్మజీవులు అందులో పెరగలేకపోవడానికీ కారణం ఇదే. వాటి ఒంట్లో నీళ్ళన్నీ పాకం లాగేసుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. నలభై రెట్ల లెన్సు దించేటప్పుడు పక్కనుంచి చూస్తూ దించాలి. ఆపైన పెద్ద మర జోలికి పోకూడదు. స్లైడు టిక్కుమన్నాక చింతించి లాభం లేదు.

ఈసారి మీ అమ్మాయి రికార్డు తెచ్చి చూపిస్తే, బొమ్మ బాగుందని ఊరుకోకండి. ‘ఇది ఎన్ని మైక్రాన్లమ్మా?’ అని అడగండి. చెప్పలేకపోతే స్కేలు చేతికిచ్చి పంపండి.