గిడుగువారి రెండవ భాష

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు వినగానే మనకు వాడుక భాషా ఉద్యమం జ్ఞాపకం వస్తుంది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాము. అయితే వాడుక తెలుగు కోసం వాదానికి దిగక ముందే ఆయన సవర భాషకు ఊడిగం చేశారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆ భాష నేర్చి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. 1931లో సవర వ్యాకరణం అచ్చువేయించారు.

గోండి, కువి, కొండ భాషలు తెలుగుకు తోబుట్టువులు. సవర వేరే ఇంటిది. అది ముండా కుటుంబానికి చెందినది, సంతాలీకి చుట్టం. తెలుగు వచ్చినంత మాత్రాన సవర ఊహకు కూడా అందదు.

ఇందులో వైద్యుడికేమి పని అంటారేమో! సలుపు, పోటు, తీపు, మంట - ఒక్కొక్క మాట మాకు ఒక్కొక్క దారి చూపిస్తుంది. శ్రీకాకుళం ఏజెన్సీ దగ్గర ఒక ఆసుపత్రిలో నేను పనిచేస్తున్నప్పుడు ఒక సవర తల్లి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. బడికి వెళ్ళే కొడుకే దుబాసీ. నేనేమి అడిగినా వాడు "కడుపు నొప్పి" అనేవాడు. నెలసరి సంగతి కన్నతల్లిని కొడుకు చేత ఎలా అడిగించడం? చివరకు సవర తెలిసిన ఆయమ్మ వచ్చి పక్కన కూర్చున్నది. అంతవరకు నోరు విప్పని మనిషి గడగడా చెప్పింది. గర్భం పోయి, పది రోజులుగా రక్తస్రావం ఆగలేదట. రక్తం ఎక్కించాము, బతికింది.

ఇక్కడ అమెరికాలో ఇంగ్లీషు రాని మన పెద్దవాళ్ళు ఆసుపత్రికి వస్తే టెలిఫోనులో తెలుగు దుబాసీని పిలిపిస్తాము. అది వారి హక్కు. తెలుగుగడ్డ మీద సవర తల్లికి ఆ పాటి హక్కు లేదా? 2000 తరువాతి దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, గోండి, కోయ, కొలామీ మొదలైన ఎనిమిది భాషలలో, తెలుగు లిపిలోనే, చిన్నపిల్లలకు వాచకాలు వేశారు. బడిలో చేయగలిగినది ఆసుపత్రిలో ఎందుకు చేయరాదు?

పరాయిదేశంలో మన పిల్లలకు తెలుగు నిలవాలని ఆదివారం బడులు పెట్టుకొన్నాము. భాష పోతే ఏమి పోతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఈసారి ఆగస్టు 29న సభలో గిడుగువారి పటానికి దండ వేసేటప్పుడు సవర మాట కూడా తలుచుకొందాము. ఏజెన్సీ ఆసుపత్రులలో ఆ భాషలు వచ్చిన ఆయాలనో, నర్సులనో నియమించమని సంఘం పక్షాన ఒక విజ్ఞాపన పంపుదాము.